వాడని హోస్ట్-పైథాన్‌ని డిపెండెన్సీల్లో ఉంచాలా, తీసేయాలా?

పలాస_బోర్డు:
జీడిపప్పు డ్రయ్యర్ బోర్డు కోసం బిల్డ్‌రూట్‌లో (బోర్డుకి లినక్స్ తయారుచేసే టూల్) మనం వాడే లైబ్రరీ ప్యాకేజీ డిపెండెన్సీల్లో, అంటే ముందుగా బిల్డ్ కావాల్సిన వాటి జాబితాలో, హోస్ట్-పైథాన్3 (బిల్డ్ చేసే కంప్యూటర్‌లో నడిచే పైథాన్) అని ఒక లైను ఉంది. పాత వెర్షన్లో ఒక హెడర్ ఫైలుని పైథాన్ స్క్రిప్టు తయారుచేసేది. ఇప్పుడది టార్‌బాల్‌లోనే (డౌన్‌లోడయ్యే సోర్సు కట్టలోనే) వస్తోంది. ఉబుంటులో పైథాన్ ఉన్నా సరే, ఆ ఒక్క లైను వల్ల బిల్డ్‌రూట్ సొంతంగా ఇంకో పైథాన్ బిల్డ్ చేస్తోంది, దాని వెనకాలే దానికి కావాల్సిన లిబ్‌ఎఫ్ఎఫ్ఐ, ఎక్స్‌పాట్ లైబ్రరీలు. అందుకే తీసేశాను.

బొబ్బిలి_అన్న:
ఉంచు తమ్ముడూ. పది నిమిషాల పనికి గొడవెందుకు?

పలాస_బోర్డు:
పది నిమిషాలు మీ ఆఫీసు సర్వర్‌లో అన్నా. నా 8 జీబీ ల్యాప్‌టాప్‌లో 26 పట్టింది. డౌన్‌లోడ్లు ఫోన్ హాట్‌స్పాట్ మీద. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా పలాస దగ్గరే తీరం దాటింది, రోజుల తరబడి కరెంటు లేదు. అప్పట్నుంచి ఇన్వర్టర్ మీద నడిచే ప్రతి నిమిషం లెక్కపెట్టుకుంటాను.

రాజాం_99:
సీక్యాష్ (ఒకసారి కంపైల్ చేసింది దాచి మళ్లీ వాడే టూల్) పెట్టుకుంటే 26 అవ్వదు.

పలాస_బోర్డు:
పెట్టాను. మొదటి బిల్డ్‌కి క్యాష్ ఖాళీయే కదా.

గజపతినగరం:
మెసన్‌తో (పైథాన్‌లో రాసిన బిల్డ్ టూల్) బిల్డయ్యే ప్యాకేజీ ఒక్కటున్నా పైథాన్ ఎలాగూ వస్తుంది.

పలాస_బోర్డు:
మా కాన్ఫిగ్‌లో ఒక్కటీ లేదు, చూశాను.

బొబ్బిలి_అన్న:
నిమిషాలు వదిలెయ్యండి. నాలుగేళ్ల కిందట నేనూ ఇలాగే ఒక టూల్ లైను తీశాను. వేరే ప్యాకేజీ ఆ టూల్‌ని ముందే బిల్డ్ చేసి పెట్టడంతో నా దగ్గర సాఫీగా అయిపోయింది. డెలివరీకి ముందురోజు రాత్రి ఇంకొకరి దగ్గర ఆగిపోయింది. అందరి ముందూ మాట పడింది నేను.

పలాస_బోర్డు:
అందుకే పర్-ప్యాకేజీ డైరెక్టరీలు ఆన్ చేశాను. అప్పుడు ఒక ప్యాకేజీకి దాని జాబితాలో రాసిన డిపెండెన్సీలే కనిపిస్తాయి.

బొబ్బిలి_అన్న:
బిల్డ్‌రూట్ పైథాన్ కనిపించకపోతే నీ ఉబుంటు పైథాన్‌ని పట్టుకుంటుంది. అది చూశావా?

పలాస_బోర్డు:
చూడలేదు. కానీ ఆ లైను పెట్టింది మీరే. కమిట్‌లో (మార్పుతో పాటు రాసే నోట్‌లో) "ఫిక్స్" అని ఒక్క ముక్క రాశారు. కారణం రాసుంటే రెండు రాత్రులు సోర్సంతా వెతికేవాణ్ణి కాదు. ఏది అవసరమో, ఏది భయంతో పెట్టిందో తెలియకపోతే ఆ జాబితాని ఎలా నమ్మాలి?

బొబ్బిలి_అన్న:
రాయకపోవడం నా తప్పే. నువ్వు మాత్రం ఒక్క ఫోన్ చేశావా? నా లైను పోయిందని నాకు ఆటోమేటిక్ మెయిల్‌లో తెలిసింది. బాధనిపించింది.

చీపురుపల్లి:
పైథాన్ లేని డాకర్‌లో (మీ ఉబుంటుతో సంబంధం లేని విడి వాతావరణంలో) బిల్డ్ చేసి చూడండి. బిల్డ్‌రూట్‌కి తప్పనిసరి టూల్స్‌లో పెర్ల్ ఉంది, పైథాన్ లేదు.

పలాస_బోర్డు:
రాత్రి చేశాను. సీమేక్ దశలోనే (కంపైల్‌కి ముందు కావాల్సినవి ఉన్నాయో లేదో చూసే దశ) ఆగింది. లైబ్రరీ పైథాన్ వాడేది టెస్టుల్లోనే, మనం వాటిని ఆపేశాం. కానీ పైథాన్ ఉందో లేదో చూసే లైను టెస్టుల బ్లాకు బయట ఉంది. అన్న చెప్పిందే జరిగింది, ఇన్నాళ్లూ నా ఉబుంటు పైథానే దొరికింది. ఆ లైనుని బ్లాకు లోపలికి జరిపాక డాకర్‌లో పూర్తిగా బిల్డ్ అయింది. ఆ ప్యాచ్‌ని లైబ్రరీ వాళ్లకే పంపుదామనుకుంటున్నాను. అన్నా, సాయంత్రం ఫోన్ చేస్తాను.

బొబ్బిలి_అన్న:
ఏడు తర్వాత చెయ్యి. కమిట్ మెసేజ్ ఇద్దరం కలిసి రాద్దాం.