ఆర్ద్రా నక్షత్రం అంత త్వరగా ఎందుకు ముసలిదైంది?

ప్రశ్న: 2019 చివర ఆర్ద్ర, అంటే బెటెల్‌జూస్, మసకబారినప్పుడు అది పేలబోతోందని చాలామంది అన్నారు. సూర్యుడికంటే ఎన్నో రెట్లు ఇంధనమున్న నక్షత్రం సూర్యుడికంటే ముందే ఎందుకు అంతమవుతుంది?

జవాబు 1: ద్రవ్యరాశి ఎక్కువైన కొద్దీ గురుత్వాకర్షణ కేంద్రాన్ని మరింత బలంగా నొక్కుతుంది కాబట్టి, అక్కడ ఉష్ణోగ్రత పెరిగి, హైడ్రోజన్ సంలీనం, అంటే హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియంగా మారడం, విపరీతమైన వేగంతో సాగుతుంది. దాదాపు 460 కోట్ల ఏళ్ల సూర్యుడి దగ్గర ఇంకా సుమారు 500 కోట్ల ఏళ్లకు సరిపడా ఇంధనం ఉండగా, పుట్టి కోటి ఏళ్లు అటూఇటూ అయిన ఆర్ద్ర కేంద్రంలో హైడ్రోజన్ అప్పుడే అయిపోయింది.

జవాబు 2: పై వివరణ సరైనదే. అయితే ఆ మసకకు ప్రధాన కారణం నక్షత్రం వెదజల్లిన పదార్థం చల్లబడి ఏర్పడిన ధూళిమేఘమే. ప్రస్తుతం కేంద్రంలో హీలియం మండుతోందని, అంటే సంలీనం చెందుతోందని, ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. ఆ తర్వాత కార్బన్, నియాన్, ఆక్సిజన్, సిలికాన్ వరుసగా మండుతాయి, మొత్తంమీద ఈ దశలు అంతకంతకూ తొందరగా ముగుస్తాయి. చివరి సిలికాన్ దశకు కొద్ది రోజులే పడుతుంది, ఇది నన్ను ఎప్పుడూ అబ్బురపరిచే విషయం. ఆ దశలో కేంద్రంలో ఇనుము మిగులుతుంది. ఇనుము సంలీనంతో శక్తి వెలువడదు గనుక, ఆధారం కోల్పోయిన కేంద్రం క్షణాల్లో కుప్పకూలి, నక్షత్రం పేలిపోతుంది.

ప్రశ్న అడిగినవారు: మరి సూర్యుడు పేలడా?

జవాబు 2: పేలడు. అరుణ మహాతారగా ఉబ్బి, పై పొరలను వదిలి, శ్వేత కుబ్జంగా, అంటే సంలీనం ఆగిపోయిన చిన్న, దట్టమైన తారగా మిగులుతాడు. శ్వేత కుబ్జం నిలవగల గరిష్ఠ ద్రవ్యరాశి సూర్యుడికి సుమారు 1.4 రెట్లని ఖగోళ భౌతిక శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ లెక్కగట్టారు.