జమ్మా, సర్కారు తుమ్మా? సోమవారం జేసీబీ వస్తోంది, ఎలా తేల్చాలి?

మత్తడి కాడ (ప్రశ్న):
మాది మహబూబ్‌నగర్ జిల్లాలో చిన్న ఊరు. చెరువు కట్ట పొడుగునా సర్కారు తుమ్మ కమ్మేసింది, తూము దాకా పోవాలంటే చేతిలో కొడవలి ఉండాల్సిందే. సోమవారం జేసీబీ పెట్టి మొత్తం పీకిస్తున్నారు. సంతోషమే. కానీ మత్తడి దగ్గర ఆ పొదల నడుమ ఒక పెద్ద చెట్టుంది. అది జమ్మి అంటాడు మా తాత. ఆయన చిన్నప్పుడు దసరాకు ఊరంతా అక్కడికే పోయి బంగారం తెంపుకునేదట. జేసీబీ ఆయనేమో "అది కూడా సర్కారు తుమ్మే, ముదిరింది" అన్నాడు. నాకు రెండూ ఒక్కతీరే కనబడుతున్నాయి: అవే సన్నాకులు, అదే పసుపుపచ్చ పూల కంకి. తాతకు చూపు ఆనదు. రాష్ట్ర వృక్షాన్ని మా చేతులతో మేమే పీకేస్తామేమోనని రెండు రోజులుగా టెన్షన్. ఎలా గుర్తుపట్టాలి? ఎవరికి చెప్పాలి?

కమలాపురం మాస్టారు:
ఆకు చూసి తేల్చొద్దు నాయనా, మోసపోతావు. ముల్లు చూడు. లేత కొమ్మ ఒకటి వంచి, ఆకు పుట్టే కణుపు పట్టుకో. సర్కారు తుమ్మకు ముళ్లు సరిగ్గా అక్కడే, మామూలుగా జంటగా, సూదుల్లా ఉంటాయి. జమ్మికి అలా కాదు. కణుపుకూ కణుపుకూ మధ్య, అడుగు వెడల్పుగా ఉన్న పొట్టి ముళ్లు ఒక వరస లేకుండా ఉంటాయి, గులాబీ ముల్లులాగా. కాయ దొరికితే మరీ సులువు. సర్కారు తుమ్మ కాయ లావుగా, పండితే పసుపుగా, లోపల తియ్యటి గుజ్జుతో ఉంటుంది. జమ్మి కాయ సన్నగా పుల్లలా వేలాడుతుంది. నల్లతుమ్మతో తికమక అక్కర్లేదు, దాని పువ్వు గుండ్రటి బంతి, కాయ పూసలదండ.

మన దేశంలో సర్కారు తుమ్మను మొదట నాటిన చోట్లలో మా కడప జిల్లా కమలాపురం ఒకటి, 1870లలో, వంటచెరకు కోసం. ఇప్పుడు మా వంకలన్నీ కంపే. అందుకే ఇంత చెబుతున్నా.

బీటులో ముప్పై ఏళ్లు:
వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం 2002 నుంచి ఉంది. జమ్మి అని తేలితే అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. ముల్లు, కాయ, మాను విడివిడిగా ఫొటోలు తీసి, చోటు రాసి, పంచాయతీ కార్యదర్శికీ మీ ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కూ కాగితం మీద ఇవ్వండి. నోటిమాట సోమవారానికి నిలవదు. సర్కారు తుమ్మను మాత్రం పైపైన కొట్టించొద్దు, మొద్దు నుంచి గుంపుగా పిలకలు లేస్తాయి. వేరు మొదలుతో సహా తవ్వించాలి. రాలిన కాయలు ఏరించండి. గొర్రెలు తింటే పెంటికలతో పాటు గింజలు ఊరంతా చేరతాయి.

మత్తడి కాడ:
పొద్దున కంప కొట్టుకుంటూ పోయి చూసిన. పొట్టి ముళ్లే, కణుపుల నడుమ! ఒక్క చోటా జంట లేదు. రెమ్మ తెచ్చి తాత చేతిలో పెడితే, బొటనవేలితో ముల్లు తడిమి "నేను చెప్పలే?" అన్నాడు. మానుకు ఎర్రగుడ్డ కట్టిన. కార్యదర్శి కాగితం తీసుకుని సంతకం పెట్టి ఇచ్చిండు. ఒకటే సమస్య: జమ్మి మొదట్లోనే రెండు సర్కారు తుమ్మలు లేచినయి, జంట ముళ్లు స్పష్టంగా ఉన్నాయి. అవి జేసీబీతో తీస్తే జమ్మి వేర్లు తెగవా?

బీటులో ముప్పై ఏళ్లు:
తెగుతాయి. జేసీబీని ఆ చుట్టుపక్కలకు రానీయొద్దు. ఆ రెండూ గడ్డపారతో మీరే తీయండి, తొందర లేకుండా.