చాంగీ నుంచి న్యూయార్క్: అసలు దూరమెంత, గాలిలో ఉండే సమయమెంత?

వచ్చే జూలైలో మా తల్లిదండ్రులు సింగపూర్‌లోని చాంగీ విమానాశ్రయం నుంచి న్యూయార్క్‌లోని జాన్ ఎఫ్. కెనడీ విమానాశ్రయానికి మధ్యలో ఎక్కడా ఆగని విమానంలో వెళ్లబోతున్నారు. టికెట్టు మీది సమయాలను తీసివేసి చూసిన నాన్నగారు ఇది ఆరున్నర గంటల ప్రయాణమేనని సంబరపడ్డారు. వేసవిలో న్యూయార్క్ గడియారం సింగపూర్ కంటే పన్నెండు గంటలు వెనక ఉంటుందని చెప్పాక, అది పద్దెనిమిదిన్నర గంటలని తేలింది.

నా సందేహం దూరం గురించి. గోళంపై అతి దగ్గరి మార్గంలో ఈ రెండు విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 15,300 కి.మీ. గంటకు 900 కి.మీ. చొప్పున లెక్కిస్తే 17 గంటలే రావాలి. మిగిలిన గంటన్నర రన్‌వే వరకు నెమ్మదిగా నడవడానికీ, పైకి ఎక్కి కిందికి దిగడానికీ పడుతుందా, లేక వెనక నుంచి వీచే గాలుల కోసం ఉత్తర ధ్రువం వైపు కాక పసిఫిక్ మీదుగా చుట్టూ తిరిగి వెళ్లడం వల్ల దూరమే పెరుగుతుందా? తిరుగు ప్రయాణానికి ఎంత సమయం అదనంగా అనుకోవాలి? అమ్మ మందుల వేళలు దీన్నిబట్టే వైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోవాలి కనుక, ఈ మార్గంలో ప్రయాణించినవారు దయచేసి తెలుపగలరు.