విల్లులో కింది లింబ్ (పిడికి కింద వంగే భాగం) బిగువుగానే ఉండాలా? రెండూ సమానంగా ఉంటే తప్పేంటి?

కొత్తవిల్లు
హికరీ పలకతో ఒకే చెక్క విల్లు చేస్తున్నాను. పొడవు 66 అంగుళాలు. పిడి సరిగ్గా మధ్యలో ఉంది, ఆ భాగం వంగదు. నాకు కావాల్సింది 28 అంగుళాల లాగుడు దగ్గర 40 పౌండ్ల బరువు (లాగడానికి పట్టే బలం). ప్రస్తుతం 26 దాకా లాగాను, అక్కడ 38 చూపిస్తోంది. ఈ లెక్కన 28కి వెళ్తే 43 దాకా వస్తుందనుకుంటున్నా.

నారి ఎక్కించి, పిడి వాలు ముగిసే చోట నారికీ లింబ్‌కీ మధ్య దూరం కొలిస్తే పైన 165 మి.మీ., కింద 165 మి.మీ. వచ్చింది. సమానంగా వచ్చిందని మురిసిపోయాను. ఇంకోచోట ఫొటో పెడితే ఒకాయన "కింద 5 మి.మీ. తక్కువ ఉండాలి, లేకపోతే కొన్నాళ్లకు కింది లింబ్ కూలబడుతుంది" అన్నారు. అలా రావాలంటే పై లింబ్ గీకి బలహీనం చేయాలి. ఉన్న మూడు పౌండ్ల మిగులు అక్కడే కరిగిపోతుందేమో! ఇది నిజంగా అవసరమా? నేను బాణానికి పైన ఒక వేలు, కింద రెండు వేళ్లు పెట్టి లాగుతాను.

చిత్రికపట్టు
అవసరమే. ఆయన చెప్పింది సరైన మాట. బాణం నీ పిడికిలి పైనుంచి పోతుంది, అంటే నువ్వు విల్లును నెట్టే చోటు బాణానికి కిందుగా ఉంటుంది. ఆ తేడా కింది లింబ్ మీద పడుతుంది. కొత్తలో ఏమీ తెలియదు. నాలుగైదు వందల బాణాలు వేశాక నారి విప్పి చూస్తే కింది లింబ్ పైదానికంటే ఎక్కువ వంపు పట్టి ఉంటుంది. అందుకే ముందే దాన్ని కాస్త బిగువుగా ఉంచుతారు. 3 నుంచి 6 మి.మీ. తేడా అనేది పాతకాలం నుంచీ ఉన్న లెక్క. లింబులు విప్పి బిగించుకునే రికర్వ్ (కొసలు ముందుకు వంగిన) విల్లులకు కూడా చాలావరకు ఇదే పద్ధతి.

పెన్సిల్‌తో పై లింబ్ లోపలి ముఖమంతా (నీ వైపు ఉండేది) గీతలు పెట్టుకో. స్క్రేపర్‌తో ఆ గీతలు మాయమయ్యేదాకా ఒక్కసారి గీకు. తర్వాత సగం లాగుడు దాకా పాతిక సార్లు లాగి వదులు, అప్పుడు కొలువు. లాగకుండా కొలిస్తే చెక్క నిజం చెప్పదు.

మూడువేళ్లు
చిత్రికపట్టు గారూ, పట్టుకున్న కుందేలుకి మూడే కాళ్లంటే ఎలాగండీ? నేను మూడు వేళ్లూ బాణం కిందే పెట్టి లాగుతాను. మీరు చెప్పిన 5 మి.మీ. తేడాతో ఉన్న విల్లు నా చేతిలో పెద్ద చప్పుడు చేస్తూ ఎగిరిపడేది. రెండు లింబులూ ఒకేసారి వచ్చి ఆగేవి కావు, బాణం తోక కిందికి కొట్టుకునేది. సమానంగా ఉన్న విల్లు పట్టుకుంటే అదే చెయ్యి, అదే బాణం, హాయిగా పోతుంది. మా పద్ధతిలో లాగేవాళ్లలో చాలామంది సమానంగానో, పై లింబ్ ఒక పిసరు బిగువుగానో పెట్టుకుంటారు.

ఇంకోటి. మీరు చెప్పే రూలు చాలావరకు పిడిని మధ్య నుంచి అంగుళం కిందికి దించి చేసే విల్లులది. అక్కడ కింది లింబ్ పొట్టిగా ఉంటుంది. పొట్టి లింబ్ అంతే వంపుకు ఎక్కువ కష్టపడుతుంది, కాబట్టి బిగువు కావాలి. ఈయన విల్లులో పిడి మధ్యలో ఉంది. దాని రూలు దీనికి మక్కీకి మక్కీ ఎలా పనికొస్తుంది?

చిత్రికపట్టు
పిడి మధ్యలో ఉన్నా చెయ్యి మధ్యలో ఉండదు కదండీ. మధ్యలో బాణం ఉంటే చెయ్యి కిందే, మధ్యలో చెయ్యి ఉంటే బాణం పైనే. ఎటు తిప్పినా ఆ రెండంగుళాల తేడా ఎక్కడికీ పోదు.

తూకంరాయి
ఇద్దరూ నారి ఎక్కించాక వచ్చే అంకె గురించే కొట్లాడుతున్నారు. ఆ అంకె వల్ల ఏ లింబ్ ఎంత వంగిందో తెలుస్తుంది. విల్లు చేతిలో తూగుతుందా లేదా అన్నది దాంతో తెలియదు. జపాన్ వాళ్ల యూమి చూడండి. రెండు మీటర్లకు మించిన విల్లు, పట్టుకునే చోటు కింది నుంచి మూడో వంతు దగ్గర. పైన బారెడు, కింద జానెడు అన్నట్టుంటుంది. సమానం అనేదే రూలైతే ఆ విల్లు ఉండకూడదు. 5 మి.మీ. రూలైనా అంతే. అయినా అది తూగుతుంది, ఎందుకంటే దాన్ని పట్టే చోటును, లాగే చోటును బట్టి లింబులు మలిచారు.

కొత్తవిల్లు గారూ, మీ టిల్లరింగ్ చెట్టు మీద, అంటే విల్లును దిమ్మ మీద పెట్టి నారిని కొక్కెంతో కిందికి లాగి వంపు చూసే కొయ్య మీద (గోడకి కొట్టిన చెక్కే అయినా సరే) విల్లును వెడల్పాటి దిమ్మ మీద కూర్చోబెడితే ఏమీ తెలియదు. అది విల్లును కదలనివ్వదు. గుండ్రటి అంచున్న సన్నటి దిమ్మ పెట్టండి, విల్లు అటూ ఇటూ ఊగగలగాలి. ఆ దిమ్మ మీ అరచేతి కండ నొక్కే చోట ఉండాలి, పిడి మధ్యలో కాదు. కొక్కెం కూడా నారి మధ్యలో కాకుండా మీ వేళ్లు పడేచోట తగిలించండి. వెనక గోడ మీద తూకం దారం వేలాడదీసి నిలువు గీత గీయండి. ఇక లాగుతూ కొక్కేన్ని చూడండి. అది గీత వెంటే దిగితే మీ చేతికి విల్లు తూగినట్టే. పక్కకి జరిగితే, ఎటు జరుగుతుందో ఆ లింబ్ మీ పట్టుకి ఎక్కువ బిగువు.

ఆకురాయి
అంతా బాగానే ఉంది గానీ ఒక్కో లింబ్ దానంతట అది సరిగ్గా వంగుతోందా? అది చూడకుండా రెండింటికీ తూకం వేస్తే నేల విడిచి సాము చేసినట్టే. ఫొటో పెట్టండి. వెడల్పు ఎక్కడిదాకా ఒకేలా ఉంది, ఎక్కణ్ణుంచి సన్నబడింది?

కొత్తవిల్లు
పెట్టాను. సగం లింబ్ దాకా 40 మి.మీ. ఒకే వెడల్పు, అక్కణ్ణుంచి కొస దాకా 12 మి.మీ.కి సన్నబడుతుంది. సగం దగ్గర మందం సుమారు 10 మి.మీ.

ఆకురాయి
చూశాను. కింది లింబ్ బాగుంది. పై లింబ్‌లో పిడి నుంచి ఒక జానెడు దూరం దాటాక ఒక చదును ఉంది, అక్కడ వంగడం లేదు. దాన్ని పూడ్చడానికి దాని తర్వాతి భాగం ఎక్కువ వంగుతోంది. ఇంకాస్త లాగితే అక్కడ మడతబందు పడుతుంది. ముందు ఆ చదునులో మాత్రమే గీకండి.

కొసవైపు సన్నబడే లింబ్ మొత్తం ఒకే మందంతో ఉంటే వృత్తంలో ముక్కలా వంగుతుంది. చివరిదాకా ఒకే వెడల్పుతో ఉండి మందం తగ్గుతూ పోతే కొసల వైపు వంపు ఎక్కువ రావాలి. మీది ఈ రెండింటికీ మధ్యది. పిడి పక్కన కొంచెం గట్టిగా, నడుమ దాటాక కొంచెం ఎక్కువ వంగితే సరి. కంటితో చూస్తే మోసపోతారు. చేతివేలంత పొడవున్న చదునైన చెక్కముక్క మధ్యలో పెన్సిల్ దూర్చి, లింబ్ వంగి ఉండగా లోపలి ముఖం మీద జరపండి. వంగనిచోట పెన్సిల్ గీత పడుతుంది, వంగినచోట పడదు.

గీకేటప్పుడు చెయ్యి అదుపులో పెట్టుకోండి. బిగువు మందానికి ఘనం లెక్కన మారుతుంది. 10 మి.మీ. దగ్గర అర మి.మీ. తీస్తే ఆ చోట 14 శాతం బిగువు పోతుంది. వెడల్పులో అదే 5 శాతం తీస్తే పోయేది 5 శాతమే. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు కాకూడదు.

నాచుగట్టు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మేరీ రోజ్ అనే ఇంగ్లండ్ యుద్ధనౌక 1545లో మునిగి 1982లో బయటికొచ్చింది కదా, అందులో యూ అనే చెట్టు కర్రతో చేసిన విల్లులు వందకు పైగా దొరికాయి. వాటికి ఈ లెక్కలన్నీ ఎవరు కట్టారు? కంటితో చూసి చేసేవారు. మనం మి.మీ.ల పిచ్చిలో పడ్డాం.

మూడువేళ్లు
వాటిలో పిడి విడిగా ఉండదు నాచుగట్టూ, మధ్యభాగంతో సహా మొత్తం వంగే విల్లులవి. అక్కడ అరచెయ్యి ఎక్కడ నొక్కితే ఆ చోటు నుంచే వంపు మారిపోతుంది. కంటితో చూసే చేసేవారు, నిజమే. ఆ కన్ను జీవితాంతం అదే పని చేసినవాడిది.

కొత్తవిల్లు
ఆకురాయి గారు చెప్పిన చదును తీసేశాను, పెన్సిల్ గీత ఇప్పుడు ఎక్కడా పడటం లేదు. 26 దగ్గర బరువు 38 నుంచి 37కి దిగింది. ఆ గీకుడుకి కొలతలో పైన 166 అయింది, కింద 165.

తర్వాత తూకంరాయి గారి పద్ధతి చూశాను. అరచేతికి మసిబొగ్గు పూసుకుని పట్టుకుంటే నొక్కేచోటు ఎక్కడో మరకపడి తెలిసింది. విల్లు మధ్యకి దాదాపు 25 మి.మీ. కిందకి ఉంది. దిమ్మ అక్కడ పెట్టి లాగితే 24 అంగుళాల దగ్గర కొక్కెం పై లింబ్ వైపు 6 మి.మీ. జరిగింది. అంటే చిత్రికపట్టు గారు గెలిచినట్టేనా?

తూకంరాయి
అప్పుడే తీర్పు వద్దు. ఆ 6 మి.మీ. లింబుల్లో ఉన్న తేడా వల్లా, మీరు పట్టుకునే తీరు వల్లా? విల్లు తలకిందులు చేయండి. దిమ్మా కొక్కెమూ ఉన్నచోటే ఉంచండి, విల్లు మాత్రం తిరగాలి. కొక్కెం ఈసారి కింది వైపు (ఇందాక కింది లింబ్ ఉన్న వైపు) జరిగితే తేడా లింబుల్లో ఉంది. మళ్లీ పైకే జరిగితే తేడా మీ పట్టులో ఉంది.

కొత్తవిల్లు
తిప్పి చూశాను. మళ్లీ పైకే, ఈసారి 8 మి.మీ.

తూకంరాయి
అయితే రెండింటి సగటు 7 మి.మీ. మీ పట్టుది, లింబుల తేడా 1 మి.మీ. మాత్రమే. పై లింబ్‌లో చదును తీశారు కదా, ఆ కాస్త మెత్తదనం ఇది. లింబులు దాదాపు సమానం. మీ చేతికి మాత్రం సమానం కావు. ఇద్దరి మాటా ఇందులోనే ఉంది.

మూడువేళ్లు
తేడా పట్టుదైతే మందు పట్టుకే వేయాలి. పై లింబ్‌ని ఎందుకు శిక్షించడం? పిడి గొంతు భాగాన్ని (బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చోటు ఆనే పల్లాన్ని) పైకి జరపండి. బాణం ఆనే చోటుకి కింద ఇంకా చెక్క ఉంటే ఆకురాయితో గుండ్రం చేసి, చెయ్యి ఒక సెంటీమీటరు పైకి కూర్చునేలా మలచండి. కింద అరచేతి మడమ ఆనేచోట పలచటి తోలు కూడా అంటించొద్దు, అది ఒత్తిడిని కిందికి లాగుతుంది.

ఆకురాయి
ఇంకో దారి ఉంది. కింది కొప్పు (లింబ్ కొస) దగ్గర నారి గాడి ఒక సెంటీమీటరు లోపలికి జరిపితే కింది లింబ్ పొట్టిదవుతుంది, బిగుస్తుంది, బరువు కూడా కాస్త పెరుగుతుంది.

చిత్రికపట్టు
నేనైతే ఆ పని చేయను. పొట్టి చేసినకొద్దీ లోపలి ముఖం మీద ఒత్తుడు పెరుగుతుంది. హికరీ సాగడానికి ఎంత ఓర్చుకుంటుందో నలగడానికి అంత ఓర్చుకోదు. అందులోనూ గాలిలో తేమ చప్పున పీల్చుకుంటుంది. తేమ 8, 9 శాతంలో ఉంటే సరే, 12 దాటితే వంపు అలాగే ఉండిపోతుంది. పలక బాగా ఆరిందో లేదో ఈయన చెప్పలేదు.

అసలు ఇంత గొడవ దేనికి? బరువు 28 దగ్గర 42 దాకా వస్తుంది, ఈయనకి కావాల్సింది 40. ఎలాగూ రెండు పౌండ్లు తీయాలి. ఆ తీసేదేదో పై లింబ్‌లోనే తీస్తే సరిపోతుంది కదా. పౌండ్లు పోతాయని మొదట భయపడ్డాడు గానీ, ఆ పౌండ్లు ఎలాగూ పోవాల్సినవే.

ఆకురాయి
ఇది మంచి మాట. గాడి మాట వెనక్కి తీసుకోను గానీ, ఈ విల్లుకి అక్కర్లేదు.

మూడువేళ్లు
నాదీ అదే మాట, ఒక్క షరతు. ముందు పిడి సరిచేయాలి, తర్వాతే గీకాలి. వరస తారుమారైతే పిడి మలిచాక చెయ్యి పైకి జరుగుతుంది, అప్పుడు పై లింబ్ మరీ మెత్తనైపోతుంది. అక్కణ్ణుంచి కింది లింబ్ గీకాలి, మళ్లీ పైది, మళ్లీ కిందిది. 40 పౌండ్ల విల్లు పిల్లల విల్లు అయ్యేది ఇలాగే.

కొత్తవిల్లు
అదే వరసలో చేశాను. పలక తేమ మీటర్లో 9 చూపించింది. పిడి మలిచాక మసిబొగ్గు మరక మధ్యకి 14 మి.మీ. కిందకి వచ్చింది, కొక్కెం జరుగుడు 3 మి.మీ.కి తగ్గింది. తర్వాత పై లింబ్ మొత్తం పెన్సిల్ గీతలు పెట్టి రెండుసార్లు గీకాను, ప్రతిసారీ లాగి కొలుస్తూ. 28 దగ్గర 40 పౌండ్లన్నర. కొక్కెం గీత వెంటే దిగుతోంది, చివరి అంగుళంలో వెంట్రుకవాసి తేడా. నారితో కొలిస్తే పైన 168, కింద 165.

చిత్రికపట్టు
3 మి.మీ. తేడా. మొదట్లో నేను చెప్పిందేమిటి బాబూ?

మూడువేళ్లు
మీరు పెట్టమన్నారు గురువుగారూ, ఇక్కడ అది దానంతట వచ్చింది. ఇదే విల్లు నా చేతికిచ్చి మూడు వేళ్లూ కింద పెట్టి లాగితే కొక్కెం మళ్లీ గీత తప్పుతుంది. అప్పుడు మీ 3 మి.మీ.ని ఏం చేయమంటారు?

చిత్రికపట్టు
మీ చేతికి ఇవ్వొద్దంటాను.

ఆకురాయి
పైపూత వేయడానికి తొందరపడకండి. వంద బాణాలు వేసి, నారి విప్పి ఒక పూట పక్కన పెట్టి, రెండు లింబుల వంపూ విడివిడిగా కొలిచి ఇక్కడ రాయండి. కింది లింబ్ ఒక్కటే వంపు పట్టిందంటే అప్పుడు మాట్లాడుకుందాం.