1870ల నాటి పెళ్లి నమోదులో 'నాలుగో అంచె బంధుత్వం': ఉమ్మడి పూర్వీకులను పట్టుకోవడం ఎలా?

కాథలిక్ విచారణ (పారిష్) గుడి వివాహ రిజిస్టరులో, లాటిన్‌లో, వధూవరులకు 'ఇన్ క్వార్టో గ్రాదు' (నాలుగో అంచె) రక్తసంబంధం ఉన్నా పెళ్లికి చర్చి మినహాయింపు ఇచ్చినట్టు రాసి ఉంది. అప్పటి చర్చి లెక్కలో నాలుగో అంచె అంటే ఇద్దరి ముత్తాతల తరానికి పైతరంలో ఒక జంట ఉమ్మడిగా ఉన్నట్టు. ఒక్కొక్కరికి ఆ తరంలో ఎనిమిది జంటలు. వాటిలో ఏ జంటో తేలాలి.

చిక్కు ఏమిటంటే, 1800కు ముందటి జ్ఞానస్నాన పుస్తకం ఒకటి లేదు. సివిల్ రిజిస్ట్రేషన్ (ప్రభుత్వ జనన, మరణ, వివాహ నమోదు) ఇంకా ఆలస్యంగా మొదలైంది. మరణ నమోదుల్లోని వయసు నమ్మదగ్గది కాదు. చెప్పేది బంధువులు, అదీ ఉజ్జాయింపుగా. అందుకే తల్లిదండ్రుల పేర్లున్న పెళ్లి నమోదుల మీదే ఒక్కో తరం పైకి వెళ్తున్నాను. జ్ఞాన తల్లిదండ్రుల (జ్ఞానస్నానంలో బిడ్డకు పూచీగా నిలిచేవారి), పెళ్లి సాక్షుల ఇంటిపేర్లు కూడా విడిగా రాసుకుంటున్నాను. తరచూ దగ్గరి బంధువులనే పిలిచేవారు కాబట్టి అవే మంచి ఆధారం.

తెలిసినవారు దయచేసి చెప్పండి:

మినహాయింపు కోరిన అర్జీ మేత్రాసన (డయోసిస్) ఆర్కైవులో దొరుకుతుందా? దానికి వంశవృక్షం జతచేసేవారని విన్నాను. అడిగేటప్పుడు పెళ్లి తేదీ, విచారణ పేరు, దంపతుల పేర్లు చాలా, లేక మినహాయింపు ఇచ్చిన తేదీ కూడా కావాలా?

పోయిన పుస్తకానికి మేత్రాణుల (బిషప్) కార్యాలయానికి పంపిన నకలు ఉండే అవకాశముందా?

పెళ్లిళ్ల గురించి 1907లో కాథలిక్ చర్చి ఇచ్చిన 'నే తెమెరె' ఉత్తర్వు తర్వాత పెళ్లి వివరం జ్ఞానస్నాన నమోదు పక్కనే రాయాలి. అంతకుముందు తరాలకు అలాంటి పక్కరాతలు ఎవరికైనా కనిపించాయా?