కాలనీ గ్రూపులో చేరేవాళ్లను ఆధార్ అడగాలా? పేరు దాచి పోస్టులు పెట్టనివ్వాలా?

మధురవాడ_అడ్మిన్:
విశాఖ మధురవాడ అపార్ట్‌మెంట్ల వాళ్లకు ఫేస్‌బుక్‌లో ప్రైవేట్ గ్రూపు ఉంది, దాదాపు 600 మంది. అద్దె ఇళ్లు, పనిమనుషులు, నీళ్ల ట్యాంకర్లు, అన్నీ అందులోనే. ఫేక్ ప్రొఫైళ్లు దూరుతున్నాయి, ఆధార్ ఫొటో తీసుకోమని కొందరి గోల. మెయింటెనెన్స్ లెక్కలు సొంత పేరుతో అడగాలంటే మొహమాటం, ఎనానిమస్ (పేరు కనిపించని) పోస్టులు ఆన్ చేయమని ఇంకొందరు. రెండూ ఎలా కుదురుతాయి?

కైలాసగిరి_గాలి:
ఆధార్ వద్దండీ. ఫొటోలో పేరు మార్చడం ఫోన్‌లో ఐదు నిమిషాల పని. కార్డు అసలుదో కాదో తేలాలంటే దాని మీది క్యూఆర్‌ను ఆధార్ స్కానర్‌తో చూడాలి. క్యూఆర్‌లోని వివరాలకు ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ డిజిటల్ సంతకం ఉంటుంది కాబట్టి పైన అచ్చు మార్చినా స్కాన్‌లో అసలు పేరే వస్తుంది. 600 మందికీ మీరు ఆ పని చేయరు. మిగిలేదల్లా మీ గ్యాలరీలో, దాని బ్యాకప్‌లో 600 కార్డులు. రేపు అడ్మిన్ మారితే అవి ఎవరి చేతిలో ఉన్నట్టు?

చేరేటప్పుడు అడిగే ప్రశ్నలు మూడు పెట్టుకోవచ్చు: ఏ అపార్ట్‌మెంట్, ఏ బ్లాక్, గ్రూపులో మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఎవరు. ఆ ఎరిగినవాళ్లకు ఒక మెసేజ్ పెడితే సరి. రిక్వెస్టులో అకౌంట్ ఎప్పుడు తెరిచారో కనిపిస్తుంది, అదీ చూడండి. ప్రొఫైల్ లాక్ చేసి ఉందని మాత్రం తిప్పి పంపకండి. ఆడవాళ్లు చాలామంది లాక్ వేసుకునే ఉంటారు.

గాజువాక_గోపి:
ఎనానిమస్ అన్న మాటకు మోసపోకూడదు. ఫేస్‌బుక్ గ్రూపులో పేరు దాగేది తోటి సభ్యులకే. అడ్మిన్లకు, మోడరేటర్లకు కనిపిస్తుంది. అసోసియేషన్ సెక్రటరీయే మోడరేటరైతే ఇక దాచిందేటి? వాట్సాప్ పోల్ అయితే మరీ అన్యాయం, ఎవరు దేనికి ఓటేశారో మామూలుగా అందరూ చూడొచ్చు.

లెక్కల ఫిర్యాదులకు గూగుల్ ఫారం పెట్టండి. ఈమెయిల్ సేకరణ ఆపేయండి. ఒకరికి ఒకే జవాబు అన్న ఆప్షన్ ఆన్ చేస్తే లాగిన్ అడుగుతుంది. ఈమెయిల్ మీకు చేరకపోయినా జనం భయపడి మానేస్తారు. ఫైల్ అప్‌లోడ్ ప్రశ్న అసలు పెట్టొద్దు, పంపినవాళ్ల పేరు ఫైలుకు అతుక్కుని వస్తుంది. జవాబులు షీట్‌లో టైముతో సహా పడతాయి కాబట్టి ఆ షీట్‌ను అలాగే షేర్ చేయకండి. పదిపదిహేను పోగయ్యాక సారాంశం మాత్రమే పెట్టండి.

సీతమ్మధార_చెట్టు:
మాటల్లో కూడా మనిషి దొరికిపోతాడు. ‘లిఫ్ట్ పక్క ఫ్లాట్ మాది, మార్చిలో రెండుసార్లు కట్టించుకున్నారు’ అని రాస్తే పేరెందుకు? రసీదు ఫొటో పెడితే ఫ్లాట్ నంబరు, రసీదు నంబరు రెండూ చెరపాలి. పెన్ను బ్రష్‌తో పల్చగా పూస్తే బ్రైట్‌నెస్ పెంచి చదివేస్తారు. ఆ ముక్క క్రాప్ చేసేయడం మేలు.

అసలు పేరు తప్పనిసరి చేస్తే అన్నీ సర్దుకుంటాయనేవాళ్లకు ఒక ముక్క. దక్షిణ కొరియా 2007లో పెద్ద సైట్లకు ఆ రూలు పెట్టింది. 2011లో అక్కడి ఒక పోర్టల్, సోషల్ నెట్‌వర్క్ హ్యాకై సుమారు 3.5 కోట్ల మంది వివరాలు పోయాయి. 2012లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ రూలు కొట్టేసింది.

కైలాసగిరి_గాలి:
ఇంకోటి. అద్దె, అమ్మకాల పోస్టులకు పేరు దాచనివ్వకండి. ‘ఊళ్లో లేం, టోకెన్ అడ్వాన్స్ పంపండి’ అంటే ముందు ఆ యూపీఐ నంబరు కొట్టి, పైసా పంపకుండానే, పైకి వచ్చే పేరు చూడాలి. అది బ్యాంకులో ఉన్న పేరు. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇంటిపన్ను రసీదులోని పేరుతో కలవకపోతే ఎందుకో అడగాలి. కలిసినా ఇల్లు చూడకుండా టోకెన్ ఇవ్వకూడదు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైతే వేరే ఖాతాలకు తోసేస్తారు. స్క్రీన్‌షాట్‌తో పాటు ప్రొఫైల్ లింకు కాపీ చేసి పెట్టుకోవాలి. ప్రొఫైల్ పేరు ఎప్పుడైనా మార్చేసుకోవచ్చు కదా.

మధురవాడ_అడ్మిన్:
మోడరేటర్లు నలుగురిలో ఇద్దరు అసోసియేషన్ వాళ్లే. ఆధార్ మాట తీసేశాం. ఫారం ఎవరి జీమెయిల్ మీద తెరవాలన్నదే ఇప్పుడు తేలాలి.