'ఫ్రాజైల్'కి పెట్టె మీద రాయదగ్గ తెలుగు మాట ఏది?

కొండపల్లి బొమ్మలు పార్సిల్ చేసి పంపుతుంటాను. అట్టపెట్టె మీద 'ఫ్రాజైల్' స్టిక్కర్ బదులు తెలుగులో రాద్దామని కూర్చుంటే మాట కుదరడం లేదు.

'పెళుసు' అంటే గాజుకో, పాకం ముదిరిన వేరుశనగ చిక్కీకో సరిపోతుంది, వంగకుండా పుటుక్కున విరిగేవాటికి. ఈ బొమ్మలు చేసే పొణికి చెక్క అలాంటిది కాదు. తేలిక, మెత్తన. బొమ్మ చేయి ఊడేది చింతగింజల పిండితో చేసిన మక్కు అతుకు దగ్గర. పోయిన వారం ఎడ్లబండి బొమ్మ చక్రం ఒకచోట, ఎద్దు కొమ్ము ఒకచోటగా చేరిందట! పైగా మా ఇంట్లో 'పెళుసు' అంటే దురుసు మాట అనే అర్థమే ముందు తడుతుంది.

'నాజూకు' అంటే అందం గుర్తొస్తుంది. 'సున్నితం' ఫర్వాలేదు కానీ, విరుగుతుందన్న భయం అందులో లేదు. 'భంగురం' సరైన అర్థమే, కానీ 'క్షణభంగురం' అని వేదాంతంలో తప్ప ఎక్కడా వినలేదు. పెట్టె మోసే కుర్రాడికి అర్థమవుతుందా?

ప్రస్తుతానికి 'పగిలేవి, పదిలం' అని రాస్తున్నాను. చెక్క బొమ్మ 'పగలడం' ఏంటని మా ఆవిడ నవ్వుతోంది. మీ వైపు ఇలాంటి వస్తువుల్ని ఏమంటారు? ఒక్క మాటలో ఉంటే మరీ మంచిది.